తివాచీ ఉతికిన రోజు

ఖెనిఫ్రా ఊళ్లో, అందరూ గౌరవంగా 'లల్లా' అని పిలిచే ఇత్తో ఇరవై రెండేళ్లుగా చిన్నపిల్లల బడి నడుపుతోంది. నాలుగేళ్ల పిల్లలకు కాళ్లు కదిలితేనే బుర్ర కదులుతుందని ఆమె నమ్మకం. ఎవరేమన్నా ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఆ వసంతంలో తరగతి గది తివాచీ మురికిపట్టింది. ఇత్తో దాన్ని పెరట్లో పరిచి, సబ్బునీళ్లు పోసి, చెప్పులు విప్పించి పిల్లలందరినీ దానిమీదికి ఎక్కించింది. వాళ్లు లెక్కపెడుతూ తొక్కుతున్నారు. సరిగ్గా అప్పుడే తూదా తల్లి రఖియా వచ్చింది, కూతుర్ని బడి మాన్పించడానికి.

"గెంతులు నేర్పడానికి మా ఇంట్లో మేకలున్నాయి లల్లా. నా పిల్లకి చదువు కావాలి."

"తీసుకెళ్లమ్మా, నేనొద్దన్నానా? ఇరవై దాకా లెక్క అవనీ."

ఇంట్లో కూర్చోబెట్టి ఎంత చెప్పించినా తూదా అయిదు దాటింది లేదు. ఇప్పుడు అడుగడుక్కీ అంకె చెబుతూ పద్దెనిమిదికి వచ్చింది. దానికీ రఖియా మెత్తబడలేదు. కానీ ఆమె పుట్టింది తివాచీలు నేసేవాళ్ల ఇంట. పిల్లల తొక్కుడు చూసి ఉండబట్టలేకపోయింది.

"మునివేళ్లతో తొక్కితే ఉన్ని మురికి వదులుతుందట్రా? మడమ! మడమ వెయ్యండి!" అంటూ చెప్పులు వదిలి తానూ దిగింది.

తివాచీ గోడమీద ఆరేసేసరికి ఆమె పావడా మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"రేపేం చేయిస్తావ్?" అంది.

"ఉన్ని దులిపిస్తాను. కర్రలు కావాలి."

"నేను తెస్తాలే. మా తూదాని ముందు వరసలో నిలబెట్టు."