గునుగు ఉట్టి మీద, పిల్లి కింద

మా మేనత్త పిల్లి మీది ప్రేమతో బతుకమ్మ ఆడటమే మానేసిందని మావాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లలో కూర్చుని నవ్వుతూ చెబుతుంటారు. అది అబద్ధం. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, కళ్లారా చూశాను, నాకు మతిమరుపు కూడా లేదు.

అత్త మా నాయినకు చెల్లెలు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డ రోజుల్లో భర్త పోయి, గార్ల నుంచి జనగామలోని మా ఇంటికి వచ్చింది. కొన్నేళ్లకు పెరట్లో దొరికిన తెల్లపిల్లి ఒక్కటే ఆ ఇంట్లో ఆమెది అనదగ్గది. మిగతావన్నీ అమ్మవే, అత్త తినే కంచంతో సహా.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక దసరా సెలవులకు వచ్చేసరికి ముందుగది నిండా పూలు. నర్మెట్ట వైపు పొలాల నుంచి వచ్చిన తెల్లటి గునుగుపూలను కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, కొసలను రంగునీళ్లలో ముంచి గోనెసంచి మీద ఆరబెట్టడం అత్త పని. మా వాడకట్టులో అంత నిండుగా రంగు పట్టించేవాళ్లు లేరు. ఆ ఏడు ఆకుపచ్చ రంగు ఆరకముందే పిల్లి వెళ్లి వాటి మీద పడుకుంది. పూలు తిన్నదని చెప్పేదీ తప్పే. ఒంటికంటిన రంగును నాకింది, అంతే. కాసేపటికి నోట్లోంచి పచ్చటి నురగ. అత్త దాని పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడిచి, మళ్లీ నాక్కోకుండా తువ్వాలలో చుట్టి పొద్దుగూకేదాకా ఒళ్లో పట్టుకుని కూర్చుంది. దానికి నురగ తగ్గింది గానీ అమ్మ కోపం తగ్గలేదు. పూలు నలిగాయి, ఎంగిలయ్యాయి.

"ఇంకొక్కసారి పూల దిక్కు వచ్చిందంటే సంచిల మూటగట్టి నర్మెట్ట బస్సెక్కిస్త," అంది.

"మొదటి రోజును ఎంగిలిపూల బతుకమ్మ అని మనమే అంటం గదనే. పిల్లి ఎంగిలైతే ఏమాయె?" అన్నాను.

"కాలేజీల గిదే నేర్పుతున్నరా?"

అమ్మ అన్నదంటే చేస్తుంది. అది అత్తకు నాకంటే బాగా తెలుసు. మర్నాడు పొద్దున్నే పాలకుండను ఉట్టి మీంచి దించి జాలీ అల్మారాలో పెట్టి, ఉట్టిలోకి పూలను ఎక్కించింది. గునుగు కట్టలను దూలానికి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీసింది. రంగు బేసిన్ మీద గంప బోర్లించి రాయి పెట్టింది. పూలకుప్పలోంచి గన్నేరు మొత్తం ఏరి అవతల పారేసింది. దాని పప్పు మనుషులనే తీసుకుపోతుంది, పిల్లెంత అని గొణిగింది. చివరికి మట్టిచిప్పలో గరిక నాటి పిల్లి ముందు పెట్టింది. కొరుక్కోవడానికి దానికంటూ ఒకటుంటే పూల జోలికి ఎందుకొస్తుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. పండగ అయ్యేదాకా పిల్లి గరిక కొరుకుతూ, పైన వేలాడే గునుగును చూస్తూ పడుకుంది. దాన్ని బస్సెక్కించడానికి అమ్మకు సాకు దొరకలేదు.

పండగ చివరిదైన సద్దుల రోజు సాయంత్రం బతుకమ్మ నా నడుమెత్తు తేలింది. అమ్మ దాన్ని తలకెత్తుకుంది. చీర మార్చుకో, పోదాం అన్నాను అత్తతో.

"నేను రాను బిడ్డా. పిల్లి ఉన్నది గద."

"ఔ, దాన్ని చూసేటోళ్లు ఉండాలె," అంది అమ్మ గడప దగ్గర్నుంచి.

నాకు ఒళ్లు మండింది. "పూలన్నీ నీ తలమీదనే ఉన్నయ్. ఇంట్ల ఒక్క రెక్క లేదు. ఇగ పిల్లిని దేనికి కావలి కాయాలె?"

అమ్మ గడప దాటింది. తలమీద అంత బరువుతో వెనక్కి తిరగడం కూడా కష్టమే. అత్తే నా వీపు మీద చెయ్యి వేసి మెల్లగా బయటికి తోసింది. ఆమె గోళ్లలో రంగు ఇంకా పోలేదు.

అమ్మను చెడ్డదాన్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు రంగులు ఎవరు మెచ్చుకున్నా మా ఆడబిడ్డ అద్దిందని గట్టిగా చెప్పింది. ఇంటికి రాగానే సత్తుపిండి ప్రసాదం ముందు అత్త చేతిలోనే పెట్టింది. భర్త పోయినవాళ్లు మా వాడలో ఒకరిద్దరు ఆడేవారు కూడా, వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు అత్త లేదు. అమ్మను అడిగితే పిల్లి కథే చెబుతుంది. సరే, పిల్లి వల్లనే అనుకుందాం. మరి గార్ల నుంచి వచ్చిన మొదటి ఏడు, ఆ పిల్లి ఇంకా పుట్టనే లేనప్పుడు, అత్తను ఇంట్లో ఉండిపొమ్మన్నది ఎవరు?