బడి మీది పాత రేకులు

గట్టు మండలంలోని ఒక ఊరికి బడి కప్పు మార్పించే పని మీద నన్ను పంపేనాటికే గాలివాన వచ్చి పోయింది. పోయినవి ఇవి: సిమెంట్ రేకులు ముప్పై ఒకటి, నల్లబల్ల ఒకటి, మధ్యాహ్న భోజనం బియ్యం రెండు బస్తాలు, హాజరు పుస్తకాలన్నీ. ఆదివారం కాబట్టి పిల్లలకు ఏమీ కాలేదు. ఉద్యోగంలో అది నా చివరి ఎండాకాలం. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని, అంటే ఇంజినీరు కింద పని దగ్గర నిలబడి కొలతలు చూసేవాణ్ణి. చదువు పదో తరగతి. లెక్క పని మీదే నేర్చుకున్నాను.

కప్పు మీద ఇంకా అరవై ఐదు రేకులు మిగిలాయి. వాటిలో సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. కోసినా, పగలగొట్టినా, ముక్కల్ని పొడిగా ఊడ్చినా కంటికి కనిపించని పోగులు లేస్తాయి. ఊపిరితిత్తుల్లో దిగితే జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడవచ్చు. అందుకే నీళ్లు చల్లించి, బోల్టులు విప్పించి, పగలకుండా దింపించాను. మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, విషపు చెత్త పూడ్చే చోటికి పంపించాలి. మర్నాడు పొద్దున చూస్తే యాభై ఆరే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే.

వెతికే పని పడలేదు. బడి వెనక సుగుణమ్మ ఇంటి గోడకు తొమ్మిదీ ఆనించి ఉన్నాయి. గాలికి వాళ్ల కప్పూ లేచిపోయింది. ఆమె భర్త యేసోబు రంపం పట్టుకుని మొదటి రేకు మీద గీత గీస్తున్నాడు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు రేకులు కోసి బిగించిన మనిషి. గీత సగంలో దగ్గు వచ్చి కూర్చుండిపోయాడు. నేను అతని చేతిలోని రంపం తీసుకుని, దుమ్ము సంగతి చెప్పాను.

"బడిల పిల్లల్ని ఇన్నేండ్లు గీ రేకుల కిందనే కూసోబెడితిరి," అంది సుగుణమ్మ. "మా ఇంటికొచ్చినంకనే విషమైందా సారు?"

"కోస్తేనే దుమ్ము లేస్తదమ్మా," అన్నాను.

"కొయ్యకపోతే ఇంటికి పట్టయి. వాన పడితే ఈయన్ని నీ జీపుల పండుకోబెడ్తవా?"

యేసోబు దగ్గుతూనే నవ్వాడు. "సారుకు జీపేడిదే? బస్సుల వచ్చిండు."

తొమ్మిదికి తొమ్మిది ఇనుప రేకులు ఇప్పిస్తానని మాటిచ్చాను. బడికి తెచ్చిన కొత్త ఇనుప రేకుల్లో కప్పుకు పోను మిగిలింది ఐదు. వాటికే ఇంజినీరు ఒప్పుకున్నాడు. మిగతా నాలుగింటికి కాగితం పెట్టమన్నాడు. పెట్టాను.

సుగుణమ్మ ఐదు తీసుకుని ఐదే తిరిగిచ్చింది. "నీ నాలుగొచ్చినంక నా నాలుగు తీస్కపో." నల్ల మబ్బు పడుతోంది. ఆ పాత నాలుగింటినీ రంపం ముట్టకుండా, పాత బోల్టు రంధ్రాలతోనే, తడిపి బిగిద్దామన్నాను. యేసోబు ఒప్పుకున్నాడు. కొయ్యలేదు కాబట్టి చూరు ఒకవైపు మూరెడు బయటికి వచ్చింది.

ప్రమాదం చెప్పడం సగం పనే. బదులు రేకు చేతికిచ్చాకే పాతది అడగాలి. ఆ వరస ఈ పనిలో తెలిసింది. గద్వాల వైపు వెళ్లినప్పుడల్లా బస్సు దిగి ఆ చూరు చూసి వస్తాను. దించినవి అరవై ఐదు, పంపినవి అరవై ఒకటి. నేను ఇవ్వాల్సినవి ఇంకా నాలుగు.