ఒక్కపొద్దు నాటి మలీద

ఈ పొద్దున డిగ్రీ ఫలితాలు వచ్చాయి, నేను పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే, అదీ కూతురు ఇంటర్ చదువుతున్న వయసులో, దూరవిద్యలో. ఈ మాట వాడంతా తిరిగి చెప్పొచ్చాను, కూరగాయలమ్మే ఆమెకైతే రెండుసార్లు చెప్పినట్టున్నాను. పక్కింటి వదినె పరుగున వచ్చి నా నోట్లో కోవాబిళ్ల పెట్టింది. అంత సంతోషంలోనూ నేను గోడవైపు తిరిగి నమిలాను. "గట్ల దాసుకొని తింటవేంది, దొంగతనం చేసినవా?" అని ఆమె నవ్వింది. లావుగా పెరిగిన ఆడపిల్లలు నా ఈడువాళ్లలో ఎవరున్నా, ఆ తిరగడం ఎందుకో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మేం సిరిసిల్లలో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, ఒక సేటు దగ్గర సాంచాలు నడిపేవాడు; మరమగ్గాలను మా దిక్కు అట్లాగే అంటాం. అమ్మను అవ్వ అనేదాన్ని, ఆమె బీడీలు చుట్టేది. నేను చిన్నప్పటి నుంచీ బొద్దుగానే ఉండేదాన్ని గానీ తిండికి భయం తోడైంది మాత్రం ఆ ఏడే. నూలు రావడం తగ్గి, వాడలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, పుట్టినప్పటి నుంచీ చెవుల్లో మోగిన ఆ టకటక లేని ఇంట్లో నాకు పుస్తకం మీద చూపు నిలిచేది కాదు. బాపు గడపలో ఊరికే కూర్చుని ఉండడం చూస్తే కడుపులో ఏదో తవ్వినట్టయ్యేది. అది ఆకలో దిగులో తెలియక వంటింట్లోకి పోయి, చల్లన్నంలో మామిడి తొక్కు కలుపుకుని నిలబడే తినేదాన్ని. తింటున్నంతసేపూ ప్రాణం నిమ్మళంగా ఉండేది. చెయ్యి కడుక్కునేసరికి సిగ్గు ముంచుకొచ్చేది, పని లేని మనిషి ఇంట్లో ఇంత తింటున్నదాన్ని నేనేనని.

అప్పుడు బోథ్ నుంచి మేనత్త వచ్చింది. పత్తి చేన్లున్న ఇల్లు ఆమెది, నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. నన్ను చూడగానే, "వదినె, గీ పిల్లకు బువ్వ పెడుతున్నవా, గాలి కొడుతున్నవా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పోయేముందు మాత్రం నన్ను దగ్గరికి తీసుకుని మెల్లగా చెప్పింది.

"బిడ్డా, శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండు. నీ ఒళ్లు తగ్గుతది, దేవుడు సూసి మీ బాపు సాంచాలు నడిపిస్తడు."

రెండు మంచి మాటలు కలిపి చెప్పాననే ఆమె అనుకుని ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి బాపు పని నా నోటికి ముడిపడిపోయింది.

కొన్ని వారాలు గట్టిగానే ఉన్నాను, పొద్దంతా నీళ్లు తాగి, దీపం పెట్టాకే ఇంత తిని. ఒక శనివారం బడి నుంచి వచ్చేసరికి లోపలి అర్రలో బాపు అవ్వతో, "ఇగ ఈడ పని దొరుకదే, భీవండి పోత" అంటున్నాడు. అక్కడ సాంచాల పని ఉంది గానీ అంత దూరం, మహారాష్ట్రలో, మా వాడ నుంచి పోయినవాళ్లు ఎప్పుడొస్తారో తెలియని ఊరు. వంటింట్లో సాయంత్రం దేవుడికి పెట్టేందుకు అవ్వ చేసిన మలీద ఉంది. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపిన ఆ గిన్నె మూత ఎప్పుడు తీశానో నాకు గుర్తు లేదు, అడుగు కనబడ్డాకే తెలివొచ్చింది. అవ్వ దేవుడి ముందు చక్కెర పెట్టి దండం పెట్టుకుంది. ఆ వారంలోనే బాపు బస్సెక్కాడు.

నేనే పంపించాననుకున్నాను. దేవుడికి తీసిపెట్టింది తిని తండ్రిని ఊరు దాటించిన బిడ్డను నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆ తప్పు కడుక్కోవడానికి సోమవారాలు, గురువారాలు కూడా ఒక్కపొద్దులు పట్టాను. పట్టినకొద్దీ, విడిచిన పూట ఆగకుండా తిన్నాను. ఒళ్లు తగ్గకపోగా పెరిగింది. పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు బడిలో ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి పడిపోతే, ఇంటికొచ్చాక అవ్వ బీడీల చేట పక్కకు జరిపి నన్ను కూర్చోబెట్టుకుంది. ఏడ్చుకుంటూ అంతా చెప్పాను.

"నూలు రాక సాంచాలు ఆగినయే పిచ్చిదానా, నువ్వు తింటె ఆగినయా? మీ బాపు పోయిందే నువ్వు కడుపు నిండ తినాలె అని. తిను!" అని కసిరి, తను కూడా ఏడుస్తూ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ మాటతో సగం బరువు దిగింది. మిగతా సగం ఇంకా పెరిగింది, నా కడుపు కోసమే ఆయన అక్కడున్నాడని తెలిశాక. పరీక్షలు రాశాను, గట్టెక్కాను. బాపు తిరిగొచ్చేసరికి నాకు పెళ్లయిపోయింది.

అవ్వ చనిపోయాక బాపు మా దగ్గరే ఉంటున్నాడు. నా కూతురూ నాలాగే బొద్దుగా ఉంటుంది. పరీక్ష ముందు తాత ఎదురుగా పీట వేసుకుని, ఆయన కంచంలో అప్పడం లాక్కుంటూ, "అమ్మా, ఫిజిక్స్ అంటె పరేషాన్ అయితుంది, గందుకే తింటున్న, జర నా పక్కన కూసో" అని నోరు విప్పి అడుగుతుంది. మా రోజుల్లో ఒళ్లు గురించి అందరూ మాట్లాడేవారు, లోపలి దిగులు గురించి అడిగే మాటే మాకు తెలియదు. కూతురి పక్కన కూర్చుంటాను, దాని తల నిమురుతాను, కంచం మాత్రం పెట్టుకోను. బాపు తిని, చెయ్యి కడుక్కుని, లేచిపోయాకే నాకు ముద్ద దిగుతుంది.

మా బిడ్డకు చిన్నప్పటి సంది ఆకలి తక్కువ అని నన్ను చూపించి ఆయన వచ్చిన చుట్టాలందరికీ చెప్తుంటాడు.