జమ్మికుంట పిల్ల విసిరిన బంతి

ఆస్ట్రేలియా తరఫున రగ్బీ ఆడానంటే మనవాళ్లు ముందు నా భుజాలు చూస్తారు, తర్వాత జాలిగా మా అమ్మ వైపు చూస్తారు. కాన్‌బెరాలో ఉగాది సభలో నాకు శాలువా కప్పిన పెద్దాయన మైకు పట్టుకుని "క్రికెట్‌లో మన తెలుగమ్మాయి" అని గొప్పగా ప్రకటించాడు. అమ్మ వెళ్లి చెవిలో సరిచేస్తే, "ఏదైతేనేం తల్లీ, బంతే కదా" అన్నాడు. ఒళ్లు మండింది. శాలువా మాత్రం వెచ్చగా ఉంది, ఇప్పటికీ కప్పుకుంటున్నాను.

కరీంనగర్ నుంచి వచ్చేనాటికి నేను రెండో తరగతి. నాన్నకు కంప్యూటర్ ఉద్యోగం, కాన్‌బెరా శివార్లలోని గంగాలిన్‌లో కొత్త ఇల్లు. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగేది, నేను ఇంగ్లిష్‌లో చెప్పేదాన్ని. ఇద్దరికీ అది వింతగా అనిపించేది కాదు. నేనిలా తెలుగులో రాయగలగడం చాలా తర్వాతి సంగతి, పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను.

హైస్కూల్లో తాటిచెట్టులా ఉన్నానని నన్ను రగ్బీలోకి లాగారు. "మొఖం పలగ్గొట్టుకుంటవే, రేపు ఎవడు చేస్కుంటడు?" అని అమ్మ మొత్తుకుంది. ఆరు నెలలు తిరక్కముందే ఆవిడే నా పళ్ల గార్డును వేడినీళ్లలో ముంచి, ఇడ్లీ ఉడికిందా లేదా అన్నంత శ్రద్ధగా వేలితో నొక్కి చూసేది.

పౌరసత్వం తీసుకున్న రోజు భారత పాస్‌పోర్టులు వెనక్కిచ్చేశాం. నాకు ఆ రోజు చేతిలో చిన్న జెండా, ప్లేట్లో కేకు ముక్క తప్ప ఇంకేమీ పట్టలేదు. ఇండియాకు కూడా ఆడవాళ్ల రగ్బీ జట్టు ఉందని యూనివర్సిటీకి వెళ్లాక తెలిసింది. అందులో ఆడాలంటే ఆ పాస్‌పోర్టు ఉండాలి. నాకు లేదు. ఇక్కడి జట్టు నన్నెప్పుడూ పరాయిగా చూడలేదు, ఆ మాట ఒట్టేసి చెప్తాను. అయినా ట్రామ్‌లో ప్రాక్టీసుకు వెళ్తూ ఫోన్‌లో ఆ నీలం జెర్సీల ఆటలు చూసేదాన్ని. వాళ్లు ఓడిపోయినప్పుడు నాకెందుకో ఆ పూట అన్నం సహించేది కాదు.

అలాంటి జట్టు ఒక చలికాలం మా ఊరికే వచ్చింది. ఆస్ట్రేలియా రెండో జట్టుతో ఒక స్నేహపూర్వక మ్యాచ్. నేనప్పుడు ఆ రెండో జట్టులో ఉన్నాను. అసలు జట్టు త్వరలో విదేశీ పర్యటనకు వెళ్తోంది, ఒక్క చోటు మిగిలింది. అది నాకా, ఇంకొకరికా అనేది ఈ మ్యాచ్ చూశాక చెప్తానంది మా కోచ్. అన్నేళ్లుగా పొద్దున్నే మంచులో లేచి పరిగెత్తిందంతా ఆ చోటు కోసమే.

రగ్బీలో బంతి మైదానం పక్క గీత దాటితే రెండు జట్లూ ఎదురెదురుగా వరసల్లో నిలబడతాయి. బయటినుంచి ఒకరు మధ్యలోకి విసురుతారు. ఒక్కో జట్టులో ఇద్దరు కలిసి ఒకరిని గాల్లోకి ఎత్తుతారు, ఎవరికందితే బంతి వాళ్లది. వరసలో ఎవరిని ఎత్తాలో విసిరే మనిషి ముందే రహస్య సంకేతంతో పిలుపిస్తుంది. ఎదుటివాళ్లకు ఆ పిలుపు అర్థమైతే ఇంకేముంది!

ఇండియాకు విసిరే అమ్మాయి పొట్టిగా, గట్టిగా ఉంది. చేతులు పైకెత్తి, గొంతు చించుకుని అరిచింది: "నడుమ!"

నా ఒళ్లు ఝల్లుమంది. ఆలోచించేలోపే నడుమకు జరిగాను, నావాళ్లు ఎత్తారు, బంతి నా చేతిలో పడింది. మళ్లీ విసిరినప్పుడు "ఎన్క!" అంది. అదీ నాకే. పాపం, ఆస్ట్రేలియాలో తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, జట్టులోని ఒడిశా పిల్లలకు, మహారాష్ట్ర పిల్లలకు ముంగట, నడుమ, ఎన్క అనే మూడు మాటలూ నేర్పి తీసుకొచ్చింది. తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే పాయింట్ కుక్‌లోనో పారమట్టాలోనో ఒక్క సాయంత్రం తిరిగి ఉంటే ఆ పొరపాటు చేసేది కాదు.

విరామంలో కోచ్ నా వీపు తట్టింది. "ఇలాగే ఆడు, విమానంలో సీటు నీదే" అంది.

రెండో సగంలో ఎవరికో దెబ్బ తగిలి ఆట ఆగింది. ఆ అమ్మాయి బంతి తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, కళ్లలోకి చూసింది.

"నీకు సమజైతుంది గదా?"

తెల్లమొహం వేసి ఊరుకోవచ్చు. సీటు దక్కేది. కానీ ఆ మైదానాల్లో అన్నేళ్లుగా ఒక్కరు కూడా నాతో నా భాషలో మాట్లాడలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయితది" అన్నాను.

"అబ్బో! ఏ ఊరక్కా మీది?"

మీది ఏ దేశమని ఇక్కడ చాలామంది అడిగారు. గంగాలిన్ అంటే, కాదు, అసలు ఏ దేశం అని మళ్లీ అడిగేవాళ్లు. ఈ పిల్ల నన్ను తనదాన్ని చేసుకోవడానికి అడిగింది. "కరీంనగర్" అన్నాను.

"మాది మీ పక్కనే, జమ్మికుంట! గురుకులం హాస్టల్ల ఈ ఆట నేర్చుకున్న" అంది. అని వెళ్లి, నిమిషంలో పిలుపులన్నీ ఒడియాలోకి మార్చేసింది. దొంగ పిల్ల! ఆ తర్వాత ఒక్క బంతి కూడా నాకు దొరకలేదు.

మ్యాచ్ మేమే గెలిచాం. కోచ్ పక్కకు పిలిచి ఏమైందని అడిగింది. జరిగింది చెప్పాను. "ఈసారి నిన్ను తీసుకెళ్లలేను" అంది. తప్పుపట్టడానికి లేదు. బూట్లు చేత్తో పట్టుకుని గడ్డిలో కూలబడి ఏడ్చాను.

వెనకనుంచి "అక్కా" అని పిలుపు. జమ్మికుంట పిల్ల, పక్కన ఇద్దరు పొడుగాటి అమ్మాయిలు.

"మా దిక్కు ఆడరాదే?" అంది.

"పాస్‌పోర్ట్ లేదు" అన్నాను.

ఆమె బంతి తీసుకుని గీత దగ్గరికి నడిచింది. "లే. ఒక్కసారి దుంకు, నేనేస్త."

"ఏ జెర్సీతో?"

"గదంత అడగకు. దుంకు."

బూట్లు తొడుక్కుని లేచాను. ఆ ఇద్దరూ నాకు ముందొకరు, వెనకొకరు నిలబడ్డారు. "ముంగట!" అని ఆమె అరవగానే నీలం చేతులు నన్ను పైకి లేపాయి. బంతి తిన్నగా నా అరచేతుల్లోకి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది నాకు అసలు జట్టులో చోటు దొరికింది. మోకాలు పాడయ్యేదాకా ఆడాను, ప్రతిసారీ జాతీయగీతం మనస్ఫూర్తిగా పాడాను. ఎన్నో దేశాల మీద, ఎన్నో మైదానాల్లో నన్ను పైకి ఎత్తారు. తెలుగులో పిలిచి ఎత్తింది మాత్రం ఆ ఒక్కసారే.