బయటి గడియ

ఒంటిచెవి పాలామె దగ్గర పాలు పోయించుకునేవాళ్లెవరూ ఆ రెండో చెవి ఏమైందని అడగరు. అడిగితే మర్నాడు కొలతలో పాలకంటే నురుగే ఎక్కువ పడుతుందని భయం. నేను చెబుతాను, వినండి.

వాళ్ల గేదెల పాకకి గడియ బయటివైపే ఉండేది. కొత్తగా ఈనిన గేదె ఏదైనా మహా బెదురుగొడ్డే. కుక్క తొంగిచూసినా చాలు, పాలు చేపడం మానేస్తుంది. అందుకని ఆమె చెంబుతో లోపలికి వెళ్లగానే మొగుడు బయట గడియ పెట్టి కూర్చునేవాడు. పిండడం అయ్యాక "తియ్యి" అని కేకేసేది. పన్నెండేళ్లుగా అదే పద్ధతి.

ఆ సాయంత్రం తొట్టిలో నానబెట్టిన తెలగపిండి వాసనకి ఒక ఎలుగుబంటి వెనక తడిక చీల్చుకుని వచ్చింది. మూతి ముంచి మేస్తోంది. మసక పాకలో ఆ నల్లటి వీపు చూసి, పెయ్యదూడ తాడు తెంపుకుందనుకుంది పాలామె. "ముదనష్టపుదానా, తప్పుకో!" అంటూ వీపు మీద ఒక్కటి చరిచింది. చేతికి జానెడు బొచ్చు తగిలింది. అప్పటికే బయట గడియ పడిపోయింది.

ఎలుగు లేచి నిలబడింది. మొదటి దెబ్బకే ఎడమ చెవీ, దానితోపాటు చెంప తోలూ ఊడివచ్చాయి. గేదె బెదిరి గంతులేస్తే అసలు దూడ దాని కాళ్లకింద నలిగి చచ్చింది.

"ఎలుగు! తలుపు తియ్యవయ్యా, చంపేస్తోంది!"

"తీస్తే నా మీదకొస్తుందే! వచ్చిన కన్నంలోంచే అది పోతుంది. కాస్త ఓర్చుకో!"

ఓర్చుకోవాలట! దెబ్బకి వెళ్లి ఆ కన్నానికి అడ్డంగా పడింది ఈవిడే, లేవబోతే ఎలుగు మీదపడుతోంది. పేడ ఎత్తే పార చేతికందితే మూతి మీద కొట్టింది, కంట్లో పొడిచింది. అది భుజం కరిచి పట్టుకుని ఊపింది. ఎముక విరిగిన చప్పుడు బయటికి కూడా వినిపించింది. అయినా గడియ కదల్లేదు.

అప్పుడు వచ్చింది అత్తగారు. ఆ అత్తాకోడళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని అందరికీ తెలుసు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డ కొడుకుని జుట్టు పట్టి ఈడ్చేసింది.

"నా కడుపున చెడబుట్టావు కదరా!" అంటూ గడియ లాగింది.

ఎలుగు వెలుతురు వైపు దూకింది. దారిలో ముసలామె ఉంది. ఒక్క పంజాకి పొట్ట చీలిపోయి గడప మీదే ప్రాణం విడిచింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు పాలామె అత్తగారి కోసం గుండె పగిలేలా ఏడ్చింది. చెంబు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. విరిగిన భుజంతో పిండలేదు కదా అని ఊరు సరిపెట్టుకుంది.

ఇప్పుడు పాకలో అతను, గడియ దగ్గర ఆమె. పిండడం అయ్యాక "తియ్యవే" అంటాడు. ఆమె కదలదు. రెండోసారి గొంతు పెంచుతాడు. మూడోసారి తలుపు బాదుతాడు.

"కాస్త ఓర్చుకో" అంటుంది.