అమ్మ సంతకం చేసిన కాగితం

ఆ రోజుల్లో ఆస్తి పోయినా మనిషి వీపు వంగేది కాదు. కనీసం మా వంశంలో వంగేది కాదు. కమలాపురం దగ్గర మా తాత కట్టించిన మేడ అప్పటికే వేరేవాళ్లదైంది. నాకు మిగిలింది ఆయన చేతికర్ర, ఆయన నడక. ఆ రెండింటితోనే ఆంధ్ర రాష్ట్రపు కొత్త రాజధాని కర్నూలులో గుమాస్తాగా చేరాను. భవనాలు చాలక మా కచేరీని ఒక గుడారంలో పెట్టారు. మధ్యాహ్నం ఆ తెల్లటి గుడ్డలోంచి ఎండ పాలలా దిగేది. గాలికి గుడారం మెల్లగా ఊపిరి పీల్చేది. నేను కలం పట్టుకుని, మా తాత గుర్రం మీద తుంగభద్ర దాటుతున్నట్టు కలలు కనేవాణ్ని. (ఆయనకు గుర్రమంటే భయమని తర్వాత అమ్మ చెప్పింది.)

అలాంటి ఒక మధ్యాహ్నం మా పెద్ద గుమాస్తా, మేమందరం సాయిబుగారని పిలిచే పెద్దమనిషి, వైద్య సదుపాయం ఫారం నా ముందు పెట్టారు. మీ మీద ఆధారపడినవారు ఎవరని అడిగిన చోట నేను ముచ్చటైన దస్తూరీతో 'ఎవరూ లేరు' అని రాశాను.

"ఏమప్పా, నీకు అమ్మ లేదా?"

"ఉంది. మా అమ్మ ఎవరిమీదా ఆధారపడదు."

ఆ నెలలోనే అమ్మ బస్సు దిగి వచ్చి, మా గుడారపు గుంజను "ఏమప్పా, మా వాడు యాడుండాడు?" అని అడిగింది. గుంజ పలకలేదు. "ఈ ఊర్లో మర్యాదే లేదు" అని కోప్పడింది. నాకు నవ్వు రాలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదన్నాడు డాక్టరు.

సాయిబుగారు దారులన్నీ చెప్పారు. సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లకు ఆపరేషను ఉచితం, కళ్లద్దాలు మాత్రం ఇవ్వరు. పాదిరీల మిషను ఆసుపత్రిలో డబ్బు కట్టి ఏడాది చీటీ తీసుకుంటే అద్దాలిస్తారు, ఆపరేషను అందులో రాదు. ఉద్యోగుల సహాయనిధిలో చేరితే మంచం, భోజనం వాళ్లవే, కానీ చేరిన ఏడాది తర్వాత. ("వీటిలో ఏది మేలు సాయిబుగారూ?" "ఏ రోగం ఎప్పుడొస్తాదో ముందే చెప్పు, నేనూ చెప్తా.")

"ఏది కావాలన్నా ముందు నీ 'ఎవరూ లేరు' కొట్టేయాలప్పా. కొడుకు మీద ఆధారపడి ఉండానని అమ్మ సంతకం చేయాల."

అమ్మ నిటారుగా కూర్చుంది. "నేను వీని మీద ఆధారపడేదా? వీనికి కారంపొడి ఇప్పటికీ నేనే పంపిస్తాండా! కండ్లు పోతే పోనీ. వీడే నా మీద ఆధారపడి ఉండాడని రాయి, చేస్తా."

సాయిబుగారు నా వైపు ఒకసారి చూసి, తెలుగులో నాలుగు ముక్కలు రాసి చేతికిచ్చారు. నేను గొంతు సవరించుకుని చదివాను: "నా కుమారుడు పూర్తిగా నా మీదనే ఆధారపడి ఉన్నాడని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను." కాగితంలో ఉన్నది దానికి సరిగ్గా తలకిందులు. సాయిబుగారు గుడారం పైకప్పును శ్రద్ధగా చూస్తున్నారు.

"ఇప్పుడు సరిగా ఉండాది" అని, నేను వేలు పెట్టిన చోట అమ్మ సంతకం చేసింది.

ఆపరేషను సర్కారు ఆసుపత్రిలో బాగా జరిగింది. అద్దాలకు మిషను చీటీ తీసుకున్నాం. అద్దాలు పెట్టుకున్న రోజు, చదవడానికి ఏమైనా ఇమ్మంది అమ్మ. అలవాటైన పరధ్యానంలో నా కాగితాల కట్ట అందించాను. పైన ఉన్నది ఆ కాగితం నకలే! పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. మా వంశంలో ఒక వీపు మొదటిసారి వంగింది, అది నాదే. అమ్మ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టింది.

"అక్షరాలు శానా బాగా కనపడ్తాండాయిరా. నీకే చదవడం సరిగా రాలేదు."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కారంపొడి పంపడమూ మానలేదు.

మొన్న మా అబ్బాయి ఏదో ఆరోగ్య బీమా కాగితం తెచ్చాడు. దానిలో ఎన్ని రకాలో, ఒక్కటీ బుర్రకెక్కలేదు. "నువ్వే చదవరా" అన్నాను. వాడు గొంతు సవరించుకున్నాడు, కాస్త ఎక్కువసేపే. "ఈ ఇంట్లో అందరూ మీ మీదే ఆధారపడి ఉన్నారని రాసుంది నాన్నా" అన్నాడు.

కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. తీయలేదు. వీపు నిటారుగా పెట్టి, వాడు వేలు పెట్టిన చోట సంతకం చేశాను.