మామ ఆగిన చోట

కలప మిల్లులో ఆమెను అందరూ ముంగి అనేవారు. మాట్లాడటం రాక కాదు, పనిలేని మాట ఆ నోట్లోంచి ఊడిపడదు, అంతే. మిల్లుకొచ్చే దుంగలన్నీ ఆమె కొండజనం అడవివే. రంపం దగ్గర నిలబడి మీట నొక్కే ఉద్యోగాలు మాత్రం బయటివాళ్ళవి. మీవాళ్ళకి చదువు రాదు కదా అంటాడు మేనేజరు. చదువు చెప్పడానికి ఇన్నాళ్ళూ ఎవరూ కొండెక్కలేదన్న సంగతి ఆయనకు గుర్తుండదు.

చివరికి మిల్లు షెడ్డులోనే సాయంత్రం బడి పెట్టారు. తల నెరిసినవాళ్ళకు చిన్నపిల్లల వాచకం ఇచ్చారు. కుందేలు, బంతి, ఊయల. పొద్దస్తమానం చెక్క పలకలు మోసి వచ్చి ఊయల, ఊయల అని వల్లె వేయాలంటే ఆమెకు ఒళ్ళు మండేది. రంపం పక్కనున్న హెచ్చరికల బోర్డు చదవడం నేర్పమంటే, అలాంటివి తర్వాతి పుస్తకంలో వస్తాయన్నాడు పంతులు. ఆమె ఊరుకోలేదు. రోజూ భోజనాల వేళ ఆ బోర్డు ముందు నిలబడి, కూడబలుక్కుని కూడబలుక్కుని మొత్తం నేర్చేసుకుంది.

తీరా పరీక్ష పెట్టింది ఆ బోర్డు మీదే. తడబడకుండా పైకి చదివినవాళ్ళకు రంపం పని. ముందు ఆమె మేనమామను పిలిచారు. తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆయనే. సగం దాకా చదివి, మామ కళ్ళు చికిలించి ఆగిపోయాడు. తర్వాత ఆమె వంతు. గడగడా చదువుకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగిపోయింది. వాళ్ళ కొండజనంలో పెద్దవాళ్ళు ఆగిన చోటు దాటి చిన్నవాళ్ళు పోరు. పాటైనా, దారైనా, మాటైనా అంతే. మామ వెనక బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన పరువు తీసి తెచ్చుకున్న ఉద్యోగం ఏం చేసుకుంటుంది?

"చూశారా, ఇద్దరూ అక్కడే. వీళ్ళకి అంతకుమించి ఎక్కదండీ" అన్నాడు మేనేజరు. పంతులు తలూపాడు. ఎందుకాగావని ఒక్క మాట అడిగితే వాళ్ళ సొమ్మేం పోయేది? అడగలేదు. ఆ పని మళ్ళీ బయటివాళ్ళకే పోయింది.

గేటు దాటాక మామ మండిపడ్డాడు.

"ఎందుకాగిపోయావే? నీకు మొత్తం వచ్చుగా."

"నువ్వు ఆగావుగా మామా."

"నాకు చూపు ఆనలేదే. అక్కణ్ణుంచి అక్షరాలు మరీ చిన్నవి."

ఆమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎవరిని తిట్టాలో తెలియక ఆయన్నే తగులుకుంది.

"మరి చదవడం అయ్యాక ఇంటికి పోవచ్చుగా. అక్కడే ఎందుకు కూర్చున్నావు?"

"నువ్వు చదువుతుంటే విందామని."